ఐదో గడిలో టిక్కులు

కిందటి వారం కరుణ్‌ని మేఘమాల హోటల్ స్టాఫ్ క్యాంటీన్‌లో, గోడ పక్కన తల వంచుకుని నిలబడి ఉండగా వదిలేశాం. ఎందుకు తల వంచుకున్నాడో గుర్తున్నవాళ్లు కింది పేరా దాటేయవచ్చు.

శంషాబాద్ విమానాశ్రయానికి పోయే రోడ్డు మీదుంది ఆ హోటల్. అందులో కరుణ్ హెచ్‌ఆర్ విభాగంలో తాత్కాలిక ఉద్యోగి. రాజేంద్రనగర్ నుంచి జెరూషా అనే ఎంబీఏ విద్యార్థిని తన ప్రాజెక్టు కోసం ప్రశ్నల ఫారాలు పట్టుకుని వచ్చింది. జీతాలూ బహుమతులూ హోటల్ పనివాళ్లకు ఎంత తృప్తినిస్తున్నాయో కనుక్కోవాలని ఆమె పని. ప్రతి ప్రశ్నకూ ఐదు గడులు. ఒకటో గడి అంటే అసలు తృప్తి లేదని, ఐదో గడి అంటే పూర్తి తృప్తి అని. గదులు సర్దే ఆడవాళ్లలో చాలామందికి చదువు రాదు. వాళ్లు నోటితో చెప్పింది కరుణ్ రాసుకున్నాడు. మొదటి రోజు జెరూషా పక్కనే కూర్చుంది. రెండో రోజు పరీక్ష ఉండి రాలేకపోయింది. ఆ సాయంత్రం మేనేజర్ హరిప్రసాద్ ఫారాలు తిరగేసి, "ఇన్ని ఒకట్లు పైవాళ్లకు పంపిస్తే మన పరిస్థితి ఏమిటి? కాస్త చూసి నింపవయ్యా. డిసెంబరులో నీ పర్మనెంట్ సంగతి నేను చూసుకుంటాను" అన్నాడు. అంతే. కరుణ్ నలభై ఒక్క కొత్త ఫారాలు తీసుకుని, అన్నిట్లోనూ ఐదో గడిలో టిక్కు పెట్టాడు. ఆ ఫలితాలే సోమవారం క్యాంటీన్‌లో హరిప్రసాద్ చదివాడు. మీరందరూ జీతంతో తృప్తిగా ఉన్నామన్నారు కాబట్టి ఈ ఏడు పెంపు లేదన్నాడు. బదులుగా నెలకొకరికి ఇచ్చే బహుమతి కొనసాగుతుందన్నాడు. ఎవరు చెప్పారీ మాట అని ఆడవాళ్లు ఒకరినొకరు చూసుకున్నారు. చివరికి చూపులన్నీ ప్రేమలత మీద ఆగాయి. సెప్టెంబరు బహుమతి వచ్చింది ఆమెకే మరి.

*

మంగళవారం పొద్దున పదిన్నరకు హరిప్రసాద్ కరుణ్‌ని తన గదిలోకి పిలిచి కవరు చేతికిచ్చాడు.

"డిసెంబరన్నాను. నవంబరులోనే తెప్పించాను. అభినందనలు కరుణ్ గారూ" అన్నాడు. పేరు పక్కన 'గారూ' చేర్చడం అదే మొదటిసారి.

కరుణ్ తన బల్ల దగ్గరికి వచ్చి కవరు విప్పాడు. పర్మనెంట్ ఉత్తర్వు. పీఎఫ్ ఉంది, ఇంట్లోవాళ్లందరికీ దవాఖాన ఖర్చుల బీమా ఉంది. ఈ ఒక్క కాగితం కోసం అతను రెండేళ్లుగా సెలవు పెట్టకుండా పనిచేశాడు. అది చేతికొచ్చిన రోజు ఎట్లా ఉంటుందో ఎన్నోసార్లు ఊహించుకున్నాడు. ఇప్పుడు దాన్ని మడిచి చొక్కా జేబులో పెట్టుకున్నాడు. కాసేపటికి తీసి సొరుగులో వేశాడు. మళ్లీ తీసి ఒక ఫైలు అడుగున పెట్టి, ఆ ఫైలు మీద ఇంకో ఫైలు పెట్టాడు.

ఇంటికి చెప్పకుండా ఉండలేకపోయాడు. అమ్మకు ఒక్క ముక్క మెసేజి పంపాడు. పది నిమిషాల్లో తండ్రి ఫోను. జ్ఞానదాసు రావిర్యాల దగ్గర ఒక గోదాముకు కావలి ఉంటాడు.

"కరుణూ, ఆదివారం చర్చిల సాక్ష్యం చెప్దాం బిడ్డా. పాస్టరయ్యకు అప్పుడే ఫోన్ చేసిన."

"ఎందుకు బాపూ, గంత పెద్ద ముచ్చటేం గాదు."

"పెద్దది గాదా! మన ఖాందాన్ల పర్మనెంట్ నౌకరి ఎవనికున్నది? నా కొడుకు ఎవ్వని కాళ్లు పట్టుకోలే, ఎవ్వనికి పైస పెట్టలే, నిజాయితిగ పని చేసుకున్నడు, దేవుడు చూసిండు అని నేను చెప్త. తర్వాత నువ్వు లేచి రెండు మాటలు చెప్పాలె. తెల్ల అంగి ఇస్త్రీ చేయించుకో."

"సరే బాపూ" అని కరుణ్ ఫోను పెట్టేశాడు.

నిజాయితీగా అన్న మాట చెవిలో ఉండిపోయింది. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా మూత తీసి, రెండు ముద్దలు తిని, మూసేశాడు.

*

రెండు దాటాక తలుపు మీద ఎవరో వేలితో కొట్టారు. ప్రేమలత. ఒక చేత్తో తలుపు నెట్టి, రెండో చేత్తో పెద్ద అట్టపెట్టెను నడుముకు ఆనించుకుని లోపలికి వచ్చింది. సెప్టెంబరులో ఆమెకు బహుమతిగా ఇచ్చిన కుక్కరు అది. సీలు కూడా విప్పలేదు.

ఆమెకు ఇరవై ఎనిమిదేళ్లుంటాయి. మాట మెత్తన. రెండో అంతస్తులో ఒక విదేశీ కుటుంబం దిగినప్పుడు వాళ్ల పసిపిల్లకు జ్వరమొస్తే, మూడు రోజులు తన డ్యూటీ అయిపోయాక కూడా ఆగి ఆ పిల్లకు జావ కాచి ఇచ్చింది. వాళ్లు పోతూ పోతూ అభిప్రాయాల పుస్తకంలో ఆమె పేరు రాశారు. ఆ రాతకే ఫోటో గోడకెక్కింది, ఈ కుక్కరు ఇంటికెళ్లింది.

"సార్, ఇది వాపస్ తీసుకుంటరా?" అని అట్టపెట్టెను బల్ల మీద పెట్టింది.

"ఎందుకమ్మా? అది నీదే."

"నాకొద్దు సార్. రాత్రి ఇంట్ల అటక మీద దాన్ని చూస్తుంటే అన్నం దిగలే." ఆమె కొంగుతో మెడ తుడుచుకుంది. "ఇంకోటి గూడ పని పడ్డది మీతోని. నేను నౌకరి బంద్ చేస్తున్న. కాయితం ఇంగ్లీషుల ఇయ్యాలెనంట గదా. నాకు రాదు. మీరు జర రాసిస్తే వేలుముద్ర గాదు, సంతకమే పెడ్త. సంతకం నేర్చుకున్న."

కరుణ్ అట్టపెట్టెను పక్కకు జరిపాడు. "ఏమైంది?"

"ఏం గాలే సార్."

"చెప్పు ప్రేమలతా."

ఆమె బల్ల అంచు మీద చెయ్యి ఆనించింది.

"నిన్న క్యాంటీన్ల ఎవ్వలేం అనలే. పొద్దుగాల బస్సెక్కిన. ఎక్కంగనే అందరు పక్క సీట్ల మీద టిఫిన్ సంచులు పెట్టిన్రు. జల్‌పల్లి కాడి నుంచి ఇక్కడి దాంక నిలబడే వచ్చిన. నిలబడుడు నాకేం కొత్త? దినమంత నిలబడేదే గదా మన పని. కానీ దుర్గక్క గూడ సంచి తియ్యలే సార్. నేను కొలువుకు వచ్చిన కొత్తల పరుపుకు దుప్పటి మూల మడుచుడు నేర్పింది ఆమెనే. ఆమె ముఖం కిటికి దిక్కు తిప్పుకున్నది." ఆమె గొంతు తగ్గించింది. "గోడ మీద నా ఫోటోకు పెన్నుతోని మీసాలు గీసిన్రు. నా బిడ్డ దసరా సెలవులకు వచ్చినప్పుడు ఆ ఫోటో చూసి మా అమ్మ అని అందరికి చెప్పింది సార్."

కరుణ్ కాగితం ముందుకు లాక్కున్నాడు. ఏదో ఒకటి చేస్తూ ఉంటే ఆమె మొహం చూడక్కర్లేదు. 'రెస్పెక్టెడ్ సర్' అని రాశాడు.

"కారణం ఏం రాయాలె?" అని అడిగాడు.

"ఇంట్ల ఇబ్బంది అని రాయుండ్రి. గదే మంచిది."

అతను ఆ మాటను ఇంగ్లీషులో పెట్టాడు. చేతిరాత ఎప్పటిలాగే గుండ్రంగా, పొందికగా వచ్చింది. ఆ రాత బాగుందనే హరిప్రసాద్ తనకు ఫారాల పని అప్పగించిన సంగతి గుర్తొచ్చి కలం ఆగింది.

ప్రేమలత ఒక అడుగు దగ్గరికి జరిగింది. "సార్, ఒక్క మాట అడుగుత. ఆ రోజు జీతం గురించి అడిగిన సవాలుకు నేను రెండు చెప్పిన. మీకు యాదికున్నదా? ఒకటి చెప్పబోయి, ఇజ్జత్ పోతదేమో అని రెండు చెప్పిన. మీరే రాసుకున్నరు. దుర్గక్కకు మీరొక్కసారి చెప్తే చాలు, ప్రేమలత ఐదు చెప్పలేదు అని. మీ మాటైతే నమ్ముతది. నేను పోయేటిదాన్నే గని, పోయినంక గూడ వాళ్లు నన్ను గట్ల అనుకోవద్దు సార్."

యాదికుంది. ఆమె 'రెండు' అని వేళ్లు కూడా చూపించింది. అతను ఇప్పుడే నోరు విప్పవచ్చు. ఒక్క వాక్యం చాలు. ఆ వాక్యం నాలుక దాకా వచ్చింది కూడా. దానికి బదులుగా వచ్చింది వేరే మాట.

"అవన్నీ గోప్యం అమ్మా. ఎవరేం చెప్పిన్రో ఇంకొకరికి చెప్పకూడదు. రూల్."

ప్రేమలత వాదించలేదు. తలూపింది.

"అట్లనా సార్. రూలుంటే మీరేం చేస్తరు తియ్యుండ్రి. నాకు తెల్వక అడిగిన. ఏమనుకోకుండ్రి సార్, సారీ."

ఆమె ఎన్నడో నేర్చుకున్న సంతకాన్ని, అక్షరం అక్షరం విడదీస్తూ, కాగితం కింద పెట్టింది. యూనిఫాం లాండ్రీలో అప్పజెప్పి నాలుగు గంటల బస్సుకు పోతానని చెప్పి, తలుపు చప్పుడు కాకుండా మూసి వెళ్లిపోయింది.

కరుణ్ కుర్చీలోనే ఉండిపోయాడు. తప్పు చేసినవాడు తను. క్షమాపణ చెప్పి పోయింది ఆమె. ఎవరైనా తనను చెంప మీద కొడితే బాగుండుననిపించింది, అంత మర్యాదగా తలుపు మూసి పోవడం కంటే. ఫారాలు నింపిన సాయంత్రం అతనికి భయమేసింది గానీ సిగ్గు వేయలేదు. అప్పుడవి గడులు, అంకెలు. 'ఎవరికీ ఏం పోదు' అని కూడా అనుకున్నాడు. ఇప్పుడు అంకెల్లో ఒకదానికి మెడ మీద చెమట ఉంది. ఫోటో చూసి మురిసిన కూతురుంది.

అతను లేచి, ఆ రాజీనామా కాగితం జేబులో పెట్టుకుని సర్వీసు మెట్లెక్కాడు.

*

మూడో అంతస్తులో, మూడు వందల పన్నెండో గది తలుపు తెరిచి ఉంది. దుర్గవ్వ పరుపు మీద కొత్త దుప్పటి విదిలిస్తోంది. ఆమెకు యాభైకి దగ్గర. విమానాశ్రయం తెరిచిన 2008లోనే, హోటల్ గోడలకు రంగు ఆరకముందే, పనిలో చేరింది. గదులు సర్దే ఆడవాళ్లందరికీ ఆమె అక్క. పై ఉద్యోగులు కూడా దుర్గక్క అనే పిలుస్తారు.

"ఏంది బిడ్డా, హెచ్‌ఆరోళ్లు మూడో అంతస్తుకు ఎక్కిన్రు? జర ఆ కొస పట్టు" అంది.

కరుణ్ అవతలి కొస పట్టుకున్నాడు. ఆమె లాగింది. గుడ్డ బిగుసుకుంది.

"అక్కా, ప్రేమలత నౌకరి బంద్ చేస్తున్నది."

దుర్గవ్వ చేతులు క్షణం ఆగి మళ్లీ కదిలాయి. "చెయ్యనియ్యి. మన నోటికాడి ముద్ద తన్నినంక ఏ మొఖంతోని ఉంటది?"

"ఆమె తన్నలే."

"మరెవలు తన్నిన్రు? నేనైతే ఒకటి చెప్పిన. నీకు యాదికుండాలె, ఒకటి కంటె తక్కువ గడి లేదా అని గూడ అడిగిన. పద్నాలుగు రూములు చేసే కాడ పద్దెనిమిది చేయిస్తున్నరు, గదిల దిగిన గిరాకి దిండు కింద పెట్టిన టిప్పు గూడ సూపర్‌వైజర్ డబ్బాలకు పోతున్నది, గివన్ని చెప్పిన. రుక్కమ్మ గూడ ఒకటే అన్నది, నేను పక్కనే కూసున్న. మరి ఐదులు ఏడికెళ్లి వచ్చినయ్?"

కరుణ్ దుప్పటి కొస వదల్లేదు. దాన్ని పట్టుకుని ఉండటం వల్లే నిలబడగలుగుతున్నట్టుంది.

"నేను పెట్టిన అక్కా."

"ఏంది?"

"నేను పెట్టిన. అందరివి. నువ్వు ఒకటి అన్నది నిజమే. ప్రేమలత రెండన్నది. నేను మళ్ల కొత్త ఫారాలు తీసుకొని అన్నిట్ల ఐదు పెట్టిన. హరిప్రసాద్ సార్ చూసి నింపుమన్నడు. నన్ను పర్మనెంట్ చేస్తనన్నడు. చేసిండు. ఇయ్యాల కాయితం ఇచ్చిండు."

కిటికీ అద్దానికి అవతల ఒక విమానం దిగుతోంది. గది కొంచెం అదిరింది. దుర్గవ్వ ఆ చప్పుడు పోయేదాకా అతని మొహంలోకి చూస్తూ ఉంది. తర్వాత పరుపు అంచు మీద కూర్చుంది. గదుల్లో పనివాళ్లు పరుపు మీద కూర్చోకూడదు. ఇన్నేళ్లలో ఆమె ఎన్నడూ కూర్చోలేదు.

"నాది గూడ ఐదేనా?"

"ఐదే."

"అన్ని సవాళ్లకు?"

"అన్నిటికి." వెంటనే తనే అన్నాడు: "ఒక్క దానికి మాత్రం నువ్వే ఐదన్నవ్ అక్కా. నీ పని నీకిష్టమేనా అన్నదానికి."

"అన్న. ఇష్టమే. నేను పరిచిన పరుపు మీద పండినోడు మంచిగ నిద్రపోవాలె. గదే నా పని. గా ఇష్టానికి గూడ నువ్వు వీళ్లతోని లెక్క గట్టించినవ్. ఇష్టమున్నది గదా, జీతం ఎందుకన్నట్టు." ఆమె గొంతు పెరగలేదు. "మరి నువ్వు గూడ ఒక ఫారం నింపినవ్ గదా?"

కరుణ్ దుప్పటి కొసను వేళ్లకు చుట్టుకున్నాడు.

"ఆ పిల్ల జెరూషా అందరికి ఇచ్చింది. నీకు గూడ ఇచ్చింది. నేను చూసిన. నీ దాంట్ల ఎంత పెట్టుకున్నవ్?"

ఈ ప్రశ్న వస్తుందని అతను అనుకోలేదు. హరిప్రసాద్ అడగలేదు. తనకు తాను కూడా వేసుకోలేదు. అబద్ధం చెప్పడానికి నోరు రాలేదు.

"రెండు" అన్నాడు.

"రెండా?"

"నాది మొదటి రోజే నింపిన. తర్వాత మార్చలే."

దుర్గవ్వ చిన్నగా నవ్వింది. ఆ నవ్వు చూడలేక కరుణ్ కళ్లు దించుకున్నాడు.

"శెభాష్. నీ బాధ మాత్రం ఉన్నదున్నట్టు రాసుకున్నవ్. మా బాధే నీకు తుడపనీకి దొరికింది."

కొట్టినా తిట్టినా తీరేది ఇది కాదు. తను చేసిన పనికి ఇంత పొట్టిగా, ఇంత సూటిగా పేరు పెట్టడం ఇదివరకు తనకే చేతకాలేదు. "అక్కా, తప్పయింది" అన్నాడు. ఆ మాట ఎంత చిన్నగా ఉందో అతనికే వినిపించింది.

దుర్గవ్వ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చుంది. ఆమె కళ్లు నిండుతున్నాయని కరుణ్ గమనించాడు. తన మీద కోపంతో అనుకున్నాడు. కాదు.

"పొద్దుగాల నా పక్క సీటు ఖాళీనే ఉండె" అందామె. "ఆ పిల్ల నా దిక్కు చూసింది. నేను సంచి పెట్టిన. నా బిడ్డసోంటి పిల్ల బస్సు కమ్మి పట్టుకొని ఊగుకుంట నిలబడితె, నేను కిటికిలకెళ్లి గడ్డి చూసుకుంట కూసున్న. నువ్వు కాయితం మీద చేసినవ్. నేను ఆ పిల్ల ముఖం మీదనే చేసిన. ఛీ." లేచి నిలబడింది. "ఏడున్నది ఇప్పుడు?"

"యూనిఫాం ఇచ్చి నాలుగు గంటల బస్సుకు పోతనన్నది."

దుర్గవ్వ గోడ గడియారం చూసింది. పరుపు మీద తను కూర్చున్న చోట ముడత పడింది. అలవాటుగా దాన్ని అరచేత్తో సాపు చేసి, "పా" అంది.

*

హోటల్ వెనక, సరుకుల లారీలు ఆగే చోట స్టాఫ్ బస్సు నిలబడి ఉంది. పొద్దుటి డ్యూటీ ఆడవాళ్లు సగం మంది ఎక్కారు. మిగతావాళ్లు కింద నిలబడి మాట్లాడుకుంటున్నారు. ప్రేమలత వాళ్లకు దూరంగా, నీళ్ల ట్యాంకు దగ్గర, ఇంటి చీరలో నిలబడింది. అందరూ ఎక్కి కూర్చున్నాక ఎక్కుదామని చూస్తోంది.

దుర్గవ్వ యూనిఫాంలోనే నేరుగా ఆమె దగ్గరికి పోయి చెయ్యి పట్టుకుంది. ప్రేమలత బెదిరినట్టు వెనక్కి తగ్గింది. దుర్గవ్వ చెయ్యి వదలకుండా ఆమెను బస్సు తలుపు దాకా తీసుకొచ్చింది.

"ఇనుండ్రి అందరు" అంది గట్టిగా. "పొద్దుగాల ఈ పిల్లను నిలబెట్టింది మనం. అందరికంటె ముందు సంచి పెట్టింది నేను. ఆమె ఐదు చెప్పలే. మనసోంటి మాటనే చెప్పింది. తప్పు నాది." ఆమె ప్రేమలత వైపు తిరిగింది. "నన్ను చూసే వీళ్లు గూడ పెట్టిన్రు. నన్ను మాఫ్ చెయ్యమని అడగ. చెయ్యకున్నా సరే. కానీ నౌకరి ఇడిసి పోకు బిడ్డా."

ప్రేమలత కళ్లు పెద్దవయ్యాయి. "నీకెట్ల తెలిసింది అక్కా?"

దుర్గవ్వ పక్కకు జరిగింది. ఆమె వెనక కరుణ్ కనిపించాడు.

"ఇగ నువ్వు చెప్పు" అందామె.

బస్సు కిటికీల్లోంచీ, కింద నిలబడ్డవాళ్లలోంచీ ముప్పై మొహాలు అతని వైపు తిరిగాయి. గదిలో ఒక్క మనిషికి చెప్పడం వేరు. ఇక్కడ ఒక్కో మొహం చూస్తుంటే ఒక్కో ఫారం గుర్తుకొస్తోంది. రుక్కమ్మ, ఒకటి. పక్కన అనంతమ్మ, రెండు. వెనక సీట్లో పోచమ్మ, 'నీకు నచ్చింది రాయి సారూ, మంచోడివి' అన్నది. కరుణ్ చెప్పాడు. హరిప్రసాద్ అన్నదీ, తను చేసిందీ, పొద్దున వచ్చిన కవరూ, తన సొంత ఫారంలో పెట్టుకున్న రెండూ, ఏదీ దాచకుండా చెప్పాడు. మధ్యలో రెండుసార్లు మాట తప్పిపోయింది. ఎవరూ అందించలేదు. అతనే మళ్లీ మొదలుపెట్టాడు.

అరుపులకు సిద్ధపడ్డాడు. అరుపులు రాలేదు. రుక్కమ్మ మాత్రం కిటికీలోంచి అడిగింది.

"అయితే సారూ, మల్ల ఆ కాయితాలు ఉన్నయా? మేం నిజంగ చెప్పినయి?"

"ఉన్నయ్. పారెయ్యలే. పెన్సిలుతోని రాసినయి మా ఇంట్ల ఉన్నయ్."

"ఎందుకు పారెయ్యలే?"

కరుణ్ ఆలోచించాడు. "తెల్వదు" అన్నాడు. అది నిజం.

ప్రేమలత ఇంతసేపూ అతన్నే చూస్తోంది. ఆమె చూపులో కోపం కంటే ఆశ్చర్యం ఎక్కువ ఉంది. ఒక అడుగు ముందుకేసి అంది:

"నేను మీకు సారీ చెప్పిన గదా సార్."

అంతే. అతని జవాబు కోసం ఆగకుండా దుర్గవ్వతో బస్సెక్కింది. కిటికీ పక్క సీట్లో ఒకామె లేచి ఆమెకు చోటిచ్చింది. ప్రేమలత కూర్చుంది. దుర్గవ్వ ఒక్కతే మళ్లీ కిందికి దిగి, కరుణ్ దగ్గరికి వచ్చి చెయ్యి చాపింది.

"ఆ పిల్ల నౌకరి బంద్ చేస్తనని ఇచ్చిన కాయితం."

అతను జేబులోంచి రాజీనామా తీసిచ్చాడు. ఆమె దాన్ని నాలుగు ముక్కలు చేసి యూనిఫాం చీర కొంగున ముడేసుకుంది. "మూడు వందల పన్నెండు సగంల ఇడిసొచ్చిన" అని, వెనక్కి చూడకుండా సర్వీసు తలుపు వైపు నడిచింది.

*

ఆ తలుపు దగ్గరే హరిప్రసాద్ నిలబడి ఉన్నాడు. ఎప్పుడొచ్చాడో, ఎంత విన్నాడో తెలియదు. దుర్గవ్వ ఆయన్ను తప్పించుకుని లోపలికి పోయింది. ఆయన కరుణ్‌ని చూసి నవ్వాడు.

"రండి కరుణ్ గారూ, మీ కోసమే వస్తున్నాను."

సర్వీసు లిఫ్టులో ఇద్దరే. తలుపు మూసుకున్నాక హరిప్రసాద్ నవ్వు ఆపేశాడు.

"బస్సు దగ్గర మీరు మాట్లాడింది నేను వినలేదనుకుంటాను. ఆడవాళ్ల మాటలు రెండు రోజుల్లో సద్దుమణుగుతాయి. మీ అదృష్టం బాగుంది. ఆ కాలేజీ అమ్మాయి పని సులువు చేసింది."

"జెరూషానా? ఏం చేసింది?"

"వాళ్ల ప్రొఫెసర్‌కి అనుమానం వచ్చింది. నలభై ఒక్క ఫారాల్లో టిక్కుల తోకలన్నీ ఒకేలా ఉన్నాయట. ఆ అమ్మాయిని నిలదీస్తే కాగితం రాసిచ్చింది. రెండో రోజు తను హోటల్‌కి రాలేదని, తన పని ఇంకొకరికి అప్పజెప్పడం తన తప్పేనని. ఆ ఇంకొకరెవరో మాత్రం చెప్పనందిట. చెబితే ఆ మనిషి ఉద్యోగం పోతుందిట." హరిప్రసాద్ పెదవి విరిచాడు. "ప్రాజెక్టు కొట్టేశారు. ఏడాది పోయినట్టే. ప్రొఫెసర్ ఆ అమ్మాయిని వెంటబెట్టుకుని ఇప్పుడే వచ్చాడు. పైన లాబీలో ఉన్నారు. మిమ్మల్ని అడుగుతాడు. మీరు చెప్పవలసింది ఒక్కటే. ఫారాలన్నీ ఆ అమ్మాయే పట్టుకెళ్లింది, మాకేమీ తెలియదు. చెడ్డపేరు ఎలాగూ ఆవిడ నెత్తినే వేసుకుంది."

కరుణ్ లిఫ్టు గోడను పట్టుకున్నాడు. చదువుకునే పిల్ల. రెండే రోజుల పరిచయం. అడగకుండానే తన కొలువు కాపాడటానికి ఏడాది చదువు వదులుకుంది. ఇటు తను అడిగించుకుని, కవరు తీసుకుని, నలభై ఒక్క మంది మాట మార్చాడు. బస్సు దగ్గర అంతా చెప్పేశానని, మోయవలసినంత సిగ్గు మోసేశానని అనుకున్నాడు. ఇంకా ఇంత మిగిలి ఉందని తెలియలేదు.

తలుపు తెరుచుకుంది. లాబీలో పాలరాయి మెరుస్తోంది. దిగిన ప్రయాణికులు సూట్‌కేసులు లాక్కుపోతున్నారు. మూలన సోఫాలో నెరిసిన జుట్టు పెద్దాయన కూర్చుని ఉన్నాడు. ముందున్న గాజుబల్ల మీద ఫారాలు వరసగా పరిచి ఉన్నాయి. పక్కన జెరూషా. ఏడ్చినట్టు కళ్లు ఉబ్బి ఉన్నాయి. కరుణ్‌ని చూడగానే లేచి నిలబడింది. ఎవరూ ఏమీ అడగకముందే గబగబా అంది:

"సార్, ఈయన నాకు మనుషుల్ని పరిచయం చేసిండు, అంతే. ఈయనకేం తెల్వదు."

"అవునండి. మావాడికేం తెలియదు" అని హరిప్రసాద్ కరుణ్ భుజం మీద చెయ్యి వేశాడు.

పెద్దాయన ఇద్దరినీ పట్టించుకోలేదు. కళ్లజోడు సవరించుకుని కరుణ్‌నే చూశాడు.

"నేను అడిగేది ఇతన్ని. బాబూ, ఈ ఫారాలు ఎవరు నింపారో నీకు తెలుసా?"

జెరూషా అతని వైపు చూస్తూ, కనిపించీ కనిపించనట్టు తల అడ్డంగా ఊపింది. వద్దు, అని. భుజం మీది వేళ్లు బిగుసుకున్నాయి.

"తెలుసు సార్" అన్నాడు కరుణ్.

పెద్దాయన జేబులోంచి కలం తీశాడు. "అయితే పేరు చెప్పు."

"ఒక్క పేరు కాదు సార్. రెండు పేర్లు చెప్పాలె."

అతని భుజం మీది చెయ్యి చటుక్కున లేచిపోయింది.